మల్లె నెత్తిన గడ్డి
(కంగ్టిలో చేసిన ‘పెద్దసారు స్మారకోపన్యాసం’ అచ్చుప్రతి)



అచ్చులో చదివేవారికి ముందుగా ఒక మాట. సభలో నల్లబల్ల పెట్టించుకుని, సుద్దముక్కతో చీనా అక్షరాలు రాస్తూ మాట్లాడాను. ఇక్కడ ఆ వీలు లేదు కనుక గీతలను మాటల్లో చెప్పుకొచ్చాను. పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకుని చదివితే మేలు.

ఆహ్వానపత్రం మీద కూడా మా పంతులుగారి పేరు ‘పెద్దసారు’ అనే వేశారు. అసలు పేరు వేస్తే ఊళ్లో సగం మందికి ఎవరో తెలియదన్నారు కమిటీవాళ్లు. నిజమే. ఆయన చదువుకునే నాటికి మన కంగ్టి ఉన్న నారాయణఖేడ్ ప్రాంతం బీదర్ జిల్లాలో ఉండేది. బడి చదువు ఉర్దూ. 1956లో మనం మెదక్ జిల్లాలోకి వచ్చాం, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి. సారు ఉన్నచోటే ఉన్నారు. ఉర్దూ, తెలుగు, కన్నడం, మరాఠీ నాలుగూ చదివేవారు. మరాఠీ రాతకు వాడిన మోడీ లిపిలో ఉన్న పాత కాగితాలు పట్టుకుని అవతలి ఊళ్ల నుంచి కూడా జనం ఆయన అరుగు మీదికి వచ్చేవారు. చదివి చెప్పినందుకు పైసా తీసుకున్నట్టు నేను చూడలేదు. చాయ్ మాత్రం వద్దనేవారు కాదు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు ఒకసారి నన్ను అంగడికి వెంట తీసుకుపోయారు. ఒకాయన ఉల్లిగడ్డల కుప్ప ముందు పలక పెట్టాడు. దాని మీద సుద్దతో రెండు అంకెలు: రెండు, అయిదు. మా ఊరి ఆమె వచ్చి ‘ఇరవై ఐదా?’ అంది. ఔరాద్ వైపు నుంచి వచ్చినాయన కన్నడంలో ‘ఇప్పత్తైదు’ అన్నాడు. దెగ్లూర్ ఆసామి మరాఠీలో ‘పంచవీస్’ అన్నాడు. వెనక నుంచి ఇంకొకాయన ‘పచ్చీస్ దేతూఁ, దో కిలో’ అన్నాడు. సారు నా భుజం మీద చెయ్యేసి, ‘ఆ పలక మీద రాసింది ఏ భాషరా?’ అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఆయనా చెప్పలేదు. ఉల్లిగడ్డలు కొనుక్కుని ఇంటికి వచ్చేశాం.

ఆ ప్రశ్నకు జవాబు ఇరవై ఏళ్ల తర్వాత హైదరాబాదులో దొరికింది. ఆ ఊళ్లో చీనా భాష నేర్పే పెద్ద చోటు ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1958లో ఒక్క ఇంగ్లిషు కోసం మొదలైన సంస్థ అది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. నేను అంత దూరం పోలేదు. పగలు నౌకరీ, సాయంకాలం ఒక చిన్న గదిలో క్లాసు. మొదటిరోజు పంతులమ్మ అడ్డంగా ఒక గీత గీసి ఒకటి అంది, రెండు గీసి రెండు అంది, మూడు గీసి మూడు అంది. నాలుగుకు నాలుగు గీతలు వస్తాయని అందరం ఎదురుచూశాం. రాలేదు. ఇంకేదో పెట్టె వచ్చింది. పదికి మాత్రం మన కూడిక గుర్తు. ఆ లెక్కన ఇరవై ఐదు రాయాలంటే రెండు, పది, అయిదు. మన ‘ఇరవై’ లోనూ ఉన్నది రెండు పదులే కదా. ఆ మూడు అక్షరాలను బీజింగు మనిషి అర్‌షివూ అంటాడు, హాంకాంగ్ మనిషి ఇంకోలా అంటాడు, జపాన్ మనిషి నిజూగో అంటాడు. రాత ఒక్కటే. గది మధ్యలో నాకు ఉల్లిగడ్డల వాసన వచ్చింది.

అయితే ఆ సంబరంలో ఒక తప్పు మెట్టెక్కాను. ఈ అక్షరాలకు శబ్దంతో పనిలేదని, ఇవి బొమ్మలని, బొమ్మను పోల్చుకుంటే అర్థం దానంతట అదే వస్తుందని నమ్మాను. బజారులో దొరికే పుస్తకాలన్నీ అదే చెబుతాయి. చెట్టు చూడండి: అడ్డంగా ఒక గీత, దాన్ని కోస్తూ నిలువు గీత, కలిసినచోటు నుంచి ఎడమకొకటి కుడికొకటి జారే గీతలు. పలకడం ‘ము’. పక్కపక్కన రెండు చెట్లు పెడితే తోపు, మూడు పెడితే అడవి. చెట్టు పక్కన మనిషిని నిలబెడితే ‘విశ్రాంతి’. చెట్టు నిలువు గీతకు కింద చిన్న అడ్డగీత పెడితే అది ‘మొదలు’. పైన పొడుగు అడ్డగీత పెడితే ‘కొస’. చెట్టు మొదలు, చెట్టు కొస అని మనం అనుకునే మాటలే. ఇలాంటివి ఓ యాభై చూసేసరికి ఎవరికైనా చీనా భాష వచ్చేసినట్టే అనిపిస్తుంది.

ఆ యాభైతో ఊరికి వచ్చాను. మా కాక పత్తికి మందు కొట్టే బ్యాటరీ పంపు కొత్తది తెచ్చాడు. దాని పక్కన పసుపు చీటీ, మీద చీనా రాత.

‘ఏం రాసిండ్రురా దాని మీద?’ అన్నాడు కాక.

మొదటి రెండు అక్షరాలు నాకు తెలుసు. ఒకటి చిన్న. రెండోది గుండె. ‘చిన్న గుండె అని ఉంది కాకా’ అన్నాను.

‘మందు కొట్టే పంపుకు గుండె ఏందిరా?’ అని, నా చదువు మీద ఆశ వదులుకుని, పంపు భుజానికెత్తుకుని చేనుకు పోయాడు.

ఆ రెండూ కలిస్తే ‘షియావ్‌షిన్’, అంటే జాగ్రత్త. పంపు మీద అది కాక ఇంకేముంటుంది? అలాగే గుర్రం, పైన అని రెండు అక్షరాలు కలిస్తే ‘మాషాంగ్’, ఇప్పుడే, వెంటనే అని. మనం తొందరపడేవాణ్ణి గుర్రమెక్కి వచ్చావా అనమా, అలా. తూర్పు, పడమర కలిస్తే ‘వస్తువు’. ఇది ఎందుకో నన్నడగకండి. అక్షరం వస్తే మాట వచ్చినట్టు కాదు. మన పిల్లవాడికి ‘కడుపు’, ‘మంట’ విడివిడిగా తెలిసినా కడుపుమంట తెలియాలంటే కొన్నేళ్లు పడుతుంది కదా.

రెండో దెబ్బ గుర్రం దగ్గరే తగిలింది. చీనాలో గుర్రం ‘మా’. స్త్రీ అక్షరం పక్కన గుర్రం అక్షరం పెడితే అమ్మ. మా క్లాసులో ఒకాయన లేచి, అమ్మ ఇంట్లో గుర్రంలా చాకిరీ చేస్తుంది కనుక అలా పెట్టారన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కథ బాగానే ఉంది, కానీ వట్టి పిట్టకథ. నోరు పక్కన గుర్రం పెడితే, వాక్యం చివర మనం ‘ఆ’ అని సాగదీసే ప్రశ్న గుర్తు. రెండు నోళ్ల కింద గుర్రం పెడితే తిట్టడం. వీటిలో ఎక్కడా గుర్రం లేదు. అన్నీ ‘మా’యే, స్వరాల ఎగుడుదిగుడులో మాత్రమే తేడా. గుర్రం అక్కడ ఉన్నది శబ్దం చెప్పడానికి. స్త్రీ, నోరు ఉన్నది ఈ మాట ఏ కోవకు చెందుతుందో చెప్పడానికి. చీనా అక్షరాల్లో అత్యధిక భాగం ఇలా కోవ చెప్పే ముక్క, శబ్దం చెప్పే ముక్క కలిసి పుట్టినవే. తోపు, విశ్రాంతి లాంటి అందమైన బొమ్మలు కొన్నే. వాటిని చూపించి మనల్ని లోపలికి పిలుస్తారు. లోపలికి వెళ్లాక ఉండేదంతా కోవా శబ్దమూ.

ఇది తెలియడానికి నాకు ఏడాది పట్టింది. ఇవాళ నేర్చుకునే పిల్లలు ఆ ఏడాది మిగుల్చుకుంటే చాలు, ఈ ఉపన్యాసం ఖర్చు గిట్టినట్టే.

ఒక్క మాటను దగ్గరగా చూద్దాం. మల్లెపువ్వు. చీనాలో ‘మోలి’. ఎక్కడో విన్నట్టు లేదూ? సంస్కృతంలోని మల్లిక బౌద్ధులతో, వర్తకులతో అంత దూరం పోయి మోలి అయింది. మాట పోయింది సరే, రాయడం ఎలా? వాళ్ల దగ్గర అఆలు లేవు. ‘మో’ అని పలికే అక్షరం కోసం వెతికారు. ఇందాక చెప్పానే, చెట్టు పైన పొడుగు గీత, ‘కొస’, దాని పలుకు ‘మో’. అది తీసుకున్నారు. ‘లీ’ అని పలికే అక్షరం ఇంకొకటి ఉంది: ఎడమ పక్క వరి జొన్న లాంటి పైరు, కుడి పక్క కత్తి. కోత అన్నమాట. అసలు అర్థం పదును, తర్వాత లాభం కూడా అయింది. కోతకు, లాభానికి చుట్టరికం కంగ్టి రైతుకు నేను చెప్పాలా? లాభం ఎవరికి అన్నది వేరే సంగతి. సరే, కొస, కోత దొరికాయి. ఇవి రెండూ ఇలాగే రాస్తే ‘కొస లాభం’ అని ఎవరైనా పొరబడతారు. అందుకని రెండింటి నెత్తినా గడ్డి పెట్టారు. అడ్డంగా ఒక గీత, దాన్ని కోస్తూ రెండు చిన్న నిలువు గీతలు, అదే గడ్డి గుర్తు. పూలు, ఆకుకూరలు, చాయ్, మందు మూలికలు అన్నిటి నెత్తినా ఆ గడ్డి ఉంటుంది. అంటే చదివేవాడికి సైగ: ఇది మొక్కల కోవ, కింద ఉన్నదాని అర్థం వదిలెయ్, శబ్దం పట్టుకో. చెట్టు ఉంది, కొస ఉంది, పైరు ఉంది, కత్తి ఉంది, గడ్డి ఉంది. మల్లెపువ్వు బొమ్మ మాత్రం ఎక్కడా లేదు. అయినా చదవగానే వాసన వస్తుంది. నాకైతే చీనా అక్షరాలు అర్థమైన రోజు అదే.

‘కొస’ గురించి ఇంకో ముచ్చట. పైన గీత పొడుగైతే ‘కొస’ అన్నాను. అదే గీత కిందిదాని కన్నా పొట్టిగా ఉంటే అది వేరే అక్షరం, ‘ఇంకా లేదు’ అని అర్థం. నేను యంత్రాల కాగితాలు తర్జుమా చేసి బతుకుతున్న కొత్తలో, ఒక కంపెనీకి వచ్చిన చేతిరాత చీటీలో ‘నెలాఖరున పంపుతాం’ అన్నదాన్ని ‘ఈ నెల ఇంకా పంపలేదు’ అని రాసిచ్చాను. వాళ్లు ఫోన్లు చేసి అటువాళ్లను కడిగేశారు. సరుకు నెలాఖరున చక్కగా వచ్చింది. ఆ తర్వాత నాకు పని రాలేదు. పలకలో వేలెడు గీత తేడాకు సారు మమ్మల్ని ఎందుకు మళ్లీ మళ్లీ దిద్దించేవారో అప్పుడు గుర్తొచ్చింది. మన ‘ప’, ‘వ’ కూడా అంతే కదా, ఒక్క తలకట్టు దగ్గర తేడా.

దిద్దడం అన్నాను కనుక చెబుతున్నాను. అక్కడా దిద్దడమే. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డం ముందు నిలువు తర్వాత. ఈ వరస తప్పితే అక్షరం ఒకటే వస్తుంది గానీ చెయ్యి మరిచిపోతుంది. కంటికి గుర్తులేనిది చేతికి గుర్తుంటుంది. పిల్లలు రాసే కాపీ పుస్తకంలో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి, ఆ గడిని నాలుగు చేస్తూ చుక్కల గీతలు. నాలుగు మడులున్న ఆ పెట్టె చీనాలో ‘పొలం’ అన్న అక్షరం. అందుకే ఆ పుస్తకాన్ని పొలం గళ్ల పుస్తకం అంటారు. ఇక ‘అక్షరం’ అనే మాటకు వాళ్లు రాసేదేమిటంటే, ఇంటికప్పు, దాని కింద బిడ్డ. దీనికి పిట్టకథ అక్కర్లేదు. మొదట ఆ రాతకు బిడ్డను కనిపెంచడమనే అర్థం. ముక్కలు కలిసి కొత్త అక్షరాలు పుట్టుకొస్తాయి కనుక ఆ పేరు వాటికి నిలిచింది.

ఎన్ని నేర్చుకోవాలి అని అందరూ అడిగేదే. మనకు యాభై ఆరు, గుణింతాలు, ఒత్తులు. చీనా ప్రభుత్వం 2013లో వేసిన ప్రామాణిక పట్టికలో 8,105 ఉన్నాయి. అందులో మొదటి మెట్టు 3,500. అవి వస్తే పేపరు చదవచ్చు. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో పల్లె రైతుకు 1,500 వస్తే చదువు వచ్చినట్టు లెక్క. 1716లో కాంగ్‌షి చక్రవర్తి వేయించిన నిఘంటువులో 47,035 ఉన్నాయంటారు. దానికి భయపడొద్దు, వాటిలో చాలావాటిని చీనావాళ్లూ చూసి ఎరగరు. ఆ చక్రవర్తి పేరు మొదటిసారి విన్నప్పుడు ఎవరో మా ఊరి పేరెత్తినట్టయి తల తిప్పాను.

ఆ నిఘంటువులో మాట వెతకడం ఒక విద్య. అకారాది లేదు. కోవ చెప్పే ముక్కలు 214 ఉన్నాయి, వాటి కింద అక్షరాలను సర్దారు. ముందు కోవ పట్టుకోవాలి. తర్వాత మిగిలిన గీతలు లెక్కపెట్టాలి. మనకు తెలిసిన పద్ధతే ఇది. సర్వే నంబరు పట్టుకుని, బై నంబరు చూసుకుని పహాణీలో మన మడి వెతుక్కోమా? అంతే. క్రీ.శ. 100 ప్రాంతంలో షుషెన్ అనే పండితుడు 9,353 అక్షరాలను 540 కోవల కింద పెట్టాడు. ఈ పహాణీ రాయడం ఆయనతో మొదలు. ఇప్పుడు ఫోనులో వేలితో గీస్తే చాలు, దొరికిపోతుంది. చీనా పిల్లలు కూడా 1958లో ఖాయమైన పిన్‌యిన్ అనే రోమన్ రాతతో పలుకు నేర్చుకుంటారు, ఫోనులో దానితోనే కొడతారు. కొట్టీ కొట్టీ, కలం పట్టుకుంటే అక్షరం గుర్తురావడం లేదని పెద్దవాళ్లే మొత్తుకుంటున్నారు. మన ఇళ్లల్లోనూ ‘ఋ’ రాయమంటే ఎంతమంది రాస్తారు?

ఇంత కష్టపడి మనకేం పని అని ఒకాయన సభలో అడిగారు. పంపు మీద చీటీ చదవడానికి ఇంత అక్కర్లేదు, ఒప్పుకుంటాను. నా జవాబు వేరు.

ఏడో శతాబ్దంలో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ మన దేశమంతా తిరిగి, ఆంధ్రదేశానికీ, కృష్ణ ఒడ్డున ఉన్న ధాన్యకటకానికీ వచ్చాడు. 645లో స్వదేశం చేరి మరుసటి ఏడు తన యాత్ర గ్రంథం పూర్తిచేశాడు. అందులో ఆంధ్రుల గురించి రాస్తూ, వీళ్ల మాట మధ్యదేశపు మాటకు వేరు, రాసే అక్షరాల పద్ధతి మాత్రం దాదాపు ఒకటే అన్నాడు. చూడండి, పరదేశి వచ్చి గమనించింది అదే: భాష సంగతి వేరు, లిపి సంగతి వేరు. పెద్దసారు అంగడిలో నన్నడిగిన ప్రశ్నే అది. చీనావాడు కాబట్టి ఆ తేడా వెంటనే కనబడి ఉంటుందని నా నమ్మకం.

ధాన్యకటకం దగ్గర భావవివేకుడనే పండితుడి కథ ఆయన విన్నాడు. మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా ఎదురుచూస్తానని ఆ పండితుడు కొండలోని రాతి గుహలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడని. ఆయన రాసిన కరతలరత్నం అనే గ్రంథాన్ని హ్యూయన్‌త్సాంగ్ చీనాలోకి మార్చాడు. మన దగ్గర మూలం పోయింది. తాళపత్రం పురుగులు తిన్నాయో, ఎవరికీ అక్కర్లేకపోయిందో. చీనా అక్షరాల్లో మాత్రం మిగిలింది. శాంతినికేతన్‌లో 1937లో చీనాభవన్ తెరిచారు. అక్కడి విశ్వభారతి ప్రచురణగా 1949లో ఎన్. అయ్యస్వామి శాస్త్రిగారు ఆ చీనా పాఠం నుంచి మళ్లీ సంస్కృతంలోకి తెచ్చారు. కృష్ణ ఒడ్డు మాట, పదమూడు వందల ఏళ్లు పొరుగింట్లో ఉండి, తిరిగొచ్చింది. తెచ్చినాయన రెండు వైపులా అక్షరాలు తెలిసినవాడు కావడం వల్లనే అది వీలైంది. పెద్దసారు అరుగు మీద జరిగింది కూడా అదే పని, చిన్న ఎత్తున. ఎవరి పొలమో, ఎవరి తాతదో, మోడీ రాతలో చిక్కుకున్న మాటను చదివి విప్పి ఇంటివాళ్ల చేతికిచ్చేవారు.

అలా అటు పోయిన మాటలు ఇంకా ఉన్నాయి. బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుణ్ణి చీనాలో ‘లుంగ్‌షు’ అంటారు. నాగానికి వాళ్ల డ్రాగన్ ‘లుంగ్’ పెట్టారు, అర్జునకు చెట్టు పెట్టారు. అర్జున అంటే మద్దిచెట్టని మనం మరిచిపోయినా వాళ్ల రాత మరిచిపోలేదు. ‘క్షణం’ అక్కడ ‘చానా’ అయి ఇప్పటికీ వాడుకలో ఉంది. ‘ధ్యానం’ ‘చాన్’ అయింది, జపాన్ పోయి ‘జెన్’ అయింది. ఈ చివరి రెండూ శబ్దం కోసం అరువు తెచ్చుకున్న అక్షరాలే, మల్లె లాగా. కోవ మన చేతిలో ఉంటే ఇవన్నీ విప్పుకోవచ్చు.

ప్రసంగం అయిపోతుండగా ఆరో తరగతి పాప ఒకతి చెయ్యెత్తి, ‘మన ఊరి పేరు రాయి సార్’ అంది. కాంగ్‌షి చక్రవర్తి పేరులోని మొదటి అక్షరం, ఆరోగ్యం, సుఖం అనే అర్థం ఉన్నది, ‘కంగ్’కు రాశాను. బోధిని చీనాలో ‘పుతి’ అంటారు, దాని రెండో అక్షరం ‘టి’కి పెట్టాను. పలుకు కాస్త ‘ఖంగ్‌థి’ అన్నట్టు వస్తుంది, సర్దుకోవాలి. చప్పట్లు కొట్టారు గానీ ఒక నిజం అప్పుడే చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను. ఆ రెండు అక్షరాలూ కలిపి శ్రీలంకలోని కాండీ పట్టణానికి ఎప్పుడో పెట్టేశారు. చీనావాడెవడైనా మన బల్ల చూస్తే కాండీకి వచ్చాననుకుంటాడు. మన ఊరికి ఇంకో అక్షరం వెతకాలి.

పొలం గళ్ల పుస్తకాలు పన్నెండు తెచ్చాను. పెన్సిళ్లతో సహా పెద్దసారు ఇంటి అరుగు మీద పెట్టి ఉన్నాయి. ప్రతి పుస్తకంలో మొదటి పేజీ మీద మల్లె రాసిపెట్టాను, కింద గళ్లు ఖాళీగా వదిలాను. సాయంత్రం అయిదు దాటాక ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు. గడ్డి గీత ముందు గీయండి.